అద్దెనా, ప్రయాణమా

నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు.
కుందలహళ్లి గేటు దగ్గర ఎవరు చూసినా తెలిసిపోతుంది
ఈ బండి నాది కాదని.
మూడు నెలలకు తీసుకున్నాను.
నా కాంట్రాక్టూ మూడు నెలలే,
దానికంటే ఒక్కరోజు ఎక్కువుండే వస్తువుని
తెచ్చిపెట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

నెలకు ఇరవై నాలుగు వేలు, కార్డు మీద.
వందకు అయిదు పాయింట్లని
బ్యాంకు కాగితంలో చదివాను,
ప్రయాణాల కింద, విమానానికీ హోటలుకీ మధ్య.
వేళ్లు మడిచి లెక్కేసుకుంటూ
ఆ రాత్రి అన్నం చల్లారబెట్టాను.

మొదటి నెల సున్నా పడింది.
సున్నా పక్కన రుసుము, రెండొందల నలభై.

ఫోన్ చేశాను.
తొమ్మిది నొక్కి, నాలుగు నొక్కి,
అదే వీణ రికార్డు రెండుసార్లు మొదట్నుంచీ విన్నాక
ఒకమ్మాయి పలికింది. నా పేరు వినగానే తెలుగులోకి మారింది.
"సార్, ఆ కంపెనీ మెషిన్లో అద్దె అని పడింది.
అద్దెకు పాయింట్లు రావు సార్,
ప్రయాణం అని పడితేనే వస్తాయి."
"రోజూ ముప్పై రెండు కిలోమీటర్లు తోలుతున్నానమ్మా దాన్ని."
"నాకు తెలుసు సార్. మెషిన్‌కి తెలీదు కదా."

తర్వాత చాలాసేపు
పార్కింగులో, బండిలోనే కూర్చున్నాను.
ఈ ఊళ్లో పదకొండేళ్లు.
ఏడు ఇళ్లు. ఏడుగురు ఓనర్లూ
గోడలకు రంగు వేయించాలని అడ్వాన్సులో
ఒక నెల కోసుకున్నవాళ్లే.
మహదేవపుర నుంచి హూడి, హూడి నుంచి ఇక్కడికి,
ప్రతిసారీ అవే అట్టపెట్టెలు, టేపు మీద టేపు.
దీన్ని ఏ మెషిన్లో గీకితే
ఏమని పడుతుంది?

రెండో నెల నుంచి ప్రయాణం అని పడింది.
ఎవరు మార్చారో తెలీదు.

బండికి మాత్రం నా ముందువాళ్లు గుర్తున్నారు.
బ్లూటూత్ నొక్కితే వరసగా
శ్వేతా ఫోన్, డాక్టర్ కురియన్, అప్పూ అప్పూ,
కింద నేను, చెన్నకేశవ ఫోన్.
వెనక అద్దానికి సగం గీకిన చందమామ స్టిక్కరు.
ఎవరి పిల్లో, గోరుతో
ఎన్ని సిగ్నళ్లు దాటిందో.

పెట్రోలుకు పాయింట్లు లేవు. టోలుకు లేవు.
దేవనహళ్లి దాటాక గంపతో కూర్చున్నామె
పంపరపనసకాయ చేతిలో పెట్టి
చిల్లరుంటేనే ఇయ్యి అంది.

చివరి రోజు బండి తీసుకుపోవడానికి రంగప్ప వచ్చాడు.
హిందూపురం అవతల చిలమత్తూరంట.
ఇచ్చిననాటి ఫోటోల్లో పద్నాలుగు గీతలు.
ఒక్కోదాని దగ్గరా వంగి, ఫోన్లో చూసి,
ప్రదక్షిణం చేసినట్టు చుట్టూ తిరిగాడు.
పదిహేనోది ఎడమ తలుపు కింద.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆటో గీసింది.
రాత్రి పళ్లపేస్టుతో రుద్ది, పోయిందనుకున్నాను.

వంగాడు. బొటనవేలితో తడిమాడు.
నావైపు చూడలేదు.
"బురద ఉండాదిలేన్నా, కడిగితే పోతాది" అని
ఫోను రొంత పక్కకు తిప్పి ఫోటో తీశాడు.
టీ తాగి పొమ్మంటే
ఇంకా నాలుగు బండ్లుండాయి అన్నాడు.
నేను పేరు చెరపడం మరిచాను.

డిపాజిట్ పదివేలు వారంలో వెనక్కొచ్చింది.
దాని మీద పడిన అయిదొందల పాయింట్లు
అడక్కుండానే వెనక్కి పోయాయి.
మిగిలినవి రెండువేల నాలుగొందలు.
రూపాయల్లో ఆరొందలు.
ఆ ధరకు జాబితాలో
ఒక గోడగడియారం, దువ్వెనల సెట్టు, గొడుగు.
గొడుగు నొక్కాను.

అది వచ్చేసరికి కాంట్రాక్టు అయిపోయింది,
నేను ఎనిమిదో ఇంట్లో ఉన్నాను,
గొడుగు ఏడో ఇంటికి పోయింది.

అడగడానికి వెళ్లాను.
తలుపు ముందు ఎవరివో కొత్త చెప్పులు రెండు జతలు.
కారిడార్లో గొడుగు తెరిచి ఆరేసుంది,
ఇంకా నీళ్లు కారుతూ.
బెల్లు దాకా పోయిన చెయ్యి
జేబులోకి దించుకున్నాను.
కింద వాన పెద్దదైంది.
వాచ్‌మన్ గుర్తుపట్టి, తన కుర్చీ
గోడవైపు కొంచెం జరిపాడు.